గోబర్ గ్యాస్ మీద పదే పదే వచ్చే ప్రశ్నలు: పాడి కొట్టం నుంచి పందుల షెడ్డు దాకా

మా ఇంట్లో రోజుకు 2 క్యూబిక్ మీటర్ల గ్యాస్ ఇచ్చే దీనబంధు ప్లాంటు (ఇటుక, సిమెంటుతో భూమిలో కట్టే రకం) పదకొండేళ్లుగా నడుస్తోంది. మా బాబాయి పందుల షెడ్డు పక్కన ఇంకొకటి ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు కట్టుకోవాలనుకున్నా ఒకసారి వచ్చి చూసి వెళ్తారు, లేదంటే సాయంత్రం ఫోన్ చేస్తారు. మనుషులు మారతారు గానీ అడిగేవి మాత్రం అవే. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. మీకు కావలసిన దగ్గర నుంచి చదువుకోండి.

## కట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

మాకు రెండు గేదెలే ఉన్నాయి. ప్లాంటు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, 1 క్యూబిక్ మీటర్‌ది. దానికి రోజుకు 25 కిలోల పచ్చి పేడ కావాలి. కట్టేసి మేపే గేదె రోజుకు సుమారు 15 కిలోలు, ఆవు 10 కిలోలు వేస్తుంది. కాబట్టి రెండు గేదెలు రోజంతా కొట్టంలోనే ఉంటే సరిపోతుంది. పొద్దున బయటికి తోలి సాయంత్రం ఇంటికి తెచ్చేవాళ్లకు సరిపోదు, సగం పేడ బీళ్లలోనే పోతుంది. లెక్కలు నమ్మకండి. వారం రోజులు మీ కొట్టంలో ఎత్తిన పేడను బకెట్లో వేసి కాటా మీద పెట్టి రాసుకోండి. ఆ వారంలో అన్నిటికంటే తక్కువ వచ్చిన రోజు ఎంతో, ప్లాంటు సైజు దాన్ని బట్టే ఉండాలి.

ఇంట్లో ఐదుగురం. ఎంత సైజు కావాలి?

మనిషికి రోజుకు వంటకు 240 లీటర్ల గ్యాస్ అని లెక్క. ఐదుగురికి 1,200 లీటర్లు, అంటే 1.2 క్యూబిక్ మీటర్లు. 2 క్యూబిక్ మీటర్లది కట్టుకుంటే చుట్టాలొచ్చినా ఇబ్బంది ఉండదు. అయితే దానికి రోజూ 50 కిలోల పేడ, అంటే కొట్టంలో నాలుగు గేదెలు ఉండాలి. మా మండలంలో మూలపడిన ప్లాంట్లలో ఎక్కువ భాగం ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టి కట్టినవే. ఉన్న పేడ కంటే పెద్దది కట్టి సగం కడుపుతో నడిపితే ఖర్చు దండగ. దాని బదులు చిన్నది కట్టి రోజూ నిండుగా నడిపించడం నయం.

సిలిండర్ పూర్తిగా మానేయొచ్చా?

ఒక క్యూబిక్ మీటర్ గోబర్ గ్యాస్ సుమారు 0.43 కిలోల వంట గ్యాస్‌తో సమానం. 14.2 కిలోల సిలిండర్‌కు సాటి రావాలంటే 33 క్యూబిక్ మీటర్లు కావాలి. 1 క్యూబిక్ మీటర్ ప్లాంటు రోజూ నిండుగా నడిస్తే నెలకు దాదాపు ఒక సిలిండర్ మిగిలినట్టే. కనెక్షన్ మాత్రం తీసేయకండి. ముసురు పట్టిన రోజుల్లో, పండగ పిండివంటలప్పుడు అక్కరకొస్తుంది. మా ఇంట్లో ఇప్పటికీ ఏడాదికి రెండు సిలిండర్లు తెప్పిస్తాం.

కరెంటు తీయొచ్చా?

ఇంటి ప్లాంటుతో వద్దు. క్యూబిక్ మీటర్ గ్యాస్‌ను చిన్న ఇంజన్‌లో వాడితే ఒకటిన్నర యూనిట్ వస్తే గొప్ప. అదే గ్యాస్‌ను పొయ్యిలో మండిస్తే దక్కే లాభం ఎక్కువ. యాభై పశువుల డెయిరీ అయితే ఆలోచించవచ్చు. రోజుకు 600 కిలోల పేడ, 24 క్యూబిక్ మీటర్ల గ్యాస్, 30 యూనిట్ల పైన కరెంటు వస్తుంది. పాలు పితికే మెషిన్, చాఫ్ కట్టర్, మోటారు నడుస్తాయి. కూరగాయల వ్యర్థాలతో హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో ఇలాంటి పెద్ద ప్లాంటు పెట్టి కరెంటు తీస్తున్నారు.

డ్రమ్ము మోడల్ మంచిదా, దీనబంధు మంచిదా, ప్లాస్టిక్ సంచి మంచిదా?

ఖాదీ గ్రామోద్యోగ్ కమిషన్ వాళ్ల డ్రమ్ము మోడల్ 1960ల నుంచి ఉంది. గ్యాస్ ఎంతుందో డ్రమ్ము పైకి లేచిన ఎత్తు చూస్తే తెలిసిపోతుంది, ఒత్తిడి కూడా ఒకేలా ఉంటుంది. కానీ ఇనుప డ్రమ్ముకు ఏటా రంగు వేయకపోతే తుప్పు తినేస్తుంది. దీనబంధు 1984లో వచ్చింది, అఫ్‌ప్రో (AFPRO) అనే సంస్థ తయారుచేసింది. మొత్తం ఇటుక, సిమెంటు, భూమిలోనే ఉంటుంది, కదిలే భాగం ఏదీ లేదు. బాగా కడితే ఇరవై ఏళ్లు చూసుకోనక్కర్లేదు. బాగా కట్టకపోతే డోమ్ నుంచి, అంటే గ్యాస్ నిలిచే గుండ్రటి పైకప్పు నుంచి, గ్యాస్ కారిపోతూనే ఉంటుంది. ప్లాస్టిక్ సంచిని ఒక పూటలో బిగిస్తారు. కౌలు భూమిలో ఉన్నవాళ్లకు అదే మేలు, ఎలుకలు, కొమ్ముల పశువులు దాని దగ్గరికి రాకుండా కంచె వేస్తే చాలు. సొంత స్థలం, అనుభవమున్న మేస్త్రి రెండూ ఉంటే నేను దీనబంధునే కట్టమంటాను.

సబ్సిడీ ఎంత వస్తుంది?

కేంద్రం 2022లో ప్రకటించిన నేషనల్ బయోఎనర్జీ ప్రోగ్రామ్ ప్రకారం జనరల్ కేటగిరీలో 1 క్యూబిక్ మీటర్‌కు 9,800 రూపాయలు, 2 నుంచి 4 క్యూబిక్ మీటర్ల వాటికి 14,350 రూపాయలు. మరుగుదొడ్డి కూడా కలిపితే ఇంకో 1,600. ఆ మొదటి విడత 2025-26 వరకు. ఇప్పుడు ఏ రేటు నడుస్తోందో ఈ పథకం చూసే ప్రభుత్వ సంస్థల్లో, అంటే ఆంధ్రలో నెడ్‌క్యాప్, తెలంగాణలో రెడ్కో జిల్లా ఆఫీసులో కనుక్కోండి. దరఖాస్తు పెట్టి, మంజూరయ్యాకే గొయ్యి తవ్వించండి. ముందే కట్టేసి తర్వాత తిరిగినవాళ్లను చాలామందిని చూశాను.

## కట్టేటప్పుడు

ఎక్కడ కట్టించాలి? కొట్టం దగ్గరా, వంటింటి దగ్గరా?

రెంటికీ మధ్య, కొట్టం వైపు కాస్త జరిపి. పైపు పొడవు పెరిగినా ఒకసారి ఖర్చుతో పోతుంది. పేడ మోత మాత్రం రోజూ ఉంటుంది, అది ఎక్కువగా మోసేది ఇంటి ఆడవాళ్లే. రోజంతా ఎండ పడే చోటు చూడండి. తాగునీటి బావికీ బోరుకూ కనీసం 15 మీటర్లు దూరం ఉండాలి. వేప, రావి లాంటి చెట్ల పక్కన వద్దు, వేళ్లు డోమ్‌ను చీలుస్తాయి. స్లర్రీ, అంటే గ్యాస్ పోగా మిగిలిన పల్చటి పేడ, బయటికొచ్చే వైపు రెండు గుంతలకు చోటు వదలండి. దీన్ని ముందే ఆలోచించనివాళ్లు తర్వాత స్లర్రీని వీధిలోకి వదిలి ఊరితో మాట పడుతున్నారు.

మేస్త్రి బాగా కట్టాడో లేదో మాకెలా తెలుస్తుంది?

మాది మొదట కారింది. కట్టినాయన డోమ్ లోపలి ప్లాస్టరింగ్ ఒకే పూతలో ముగించి, నాలుగు రోజులు కూడా తడపకుండా డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. రెండు నెలలు గ్యాస్ రాక, మళ్లీ ఖాళీ చేయించి, పూర్తిగా గాలి ఆడనిచ్చాక గోకించి, మూడు పూతలు వేయించి, పైన రంగు కొట్టించాం. అందుకే చెబుతున్నాను. పేడ వేయకముందే ప్లాంటును నీళ్లతో నింపించండి. గోడలు నీళ్లు పీల్చుకునేదాకా ఒకరోజు ఆగి, నీటి మట్టం దగ్గర బొగ్గుతో గీత గీయండి. మర్నాడు అదే వేళకు చూస్తే మట్టం వేలెడు కంటే ఎక్కువ దిగకూడదు. తర్వాత గేటు వాల్వు మూసి, ఇంకా నీళ్లు పోసి లోపల గాలి ఒత్తిడి పెంచండి. డోమ్ మీద, వాల్వు చుట్టూ, పైపు అతుకుల దగ్గర సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. ఈ రెండూ అయ్యాకే చివరి డబ్బులు ఇవ్వండి.

ఇంట్లో ఉన్న సిలిండర్ పొయ్యి పనికొస్తుందా?

అలాగే పెడితే పనికిరాదు. వంట గ్యాస్ చిన్న రంధ్రంలోంచి గట్టి ఒత్తిడితో వస్తుంది. గోబర్ గ్యాస్‌కు ఒత్తిడి తక్కువ, బలమూ తక్కువ, కాబట్టి రంధ్రం పెద్దది ఉండాలి. ఐఎస్ఐ మార్కున్న బయోగ్యాస్ పొయ్యి కొనండి, దాని నంబరు ఐఎస్ 8749. మామూలు పొయ్యి జెట్‌ను డ్రిల్లుతో పెద్దది చేసేవాళ్లున్నారు. మంట వస్తుంది గానీ గ్యాస్ సగం వృథా.

## మొదటిసారి నింపేటప్పుడు

మొదట ఎంత పేడ వేయాలి?

2 క్యూబిక్ మీటర్ల ప్లాంటుకు సుమారు రెండు టన్నుల పేడ, అంతే నీళ్లు. రెండు మూడు వారాలు ముందే గుంతలో కూడబెట్టి, ఎండకుండా తడి గోనె కప్పి ఉంచండి. ఎండిన పేడ, పిడకల పొడి పనికిరావు, గ్యాస్ చేసే సూక్ష్మజీవులు వాటిలో చచ్చిపోయి ఉంటాయి. నడుస్తున్న ప్లాంటు నుంచి నాలుగైదు బిందెల స్లర్రీ తెచ్చి కలిపితే పెరుగుకు తోడు వేసినట్టే. నింపడం మొదలుపెట్టాక నాలుగైదు రోజుల్లో పూర్తి చేయాలి, ఆ తర్వాత గ్యాస్ వచ్చేదాకా రోజువారీ పేడ వేయకండి.

ఇరవై రోజులైంది. గ్యాస్ వస్తోంది కానీ మండటం లేదు. ప్లాంటు పోయినట్టేనా?

పోలేదు, టెన్షన్ పడకండి. మొదట వచ్చే గ్యాస్‌లో బొగ్గుపులుసు వాయువే ఎక్కువ, మండే మీథేన్ తక్కువ. దాన్ని ఆరుబయట వదిలేసి, మూడు రోజులాగి మళ్లీ చూడండి. రెండు మూడు సార్లు వదిలాక మీథేన్ పెరిగి అంటుకుంటుంది. ఎప్పుడు చూసినా వంటింట్లో పొయ్యి దగ్గరే అగ్గిపుల్ల గీయాలి. డోమ్ మీది పైపు దగ్గర వెలిగిస్తే లోపల గాలి కలిసి ఉన్నప్పుడు పేలుతుంది. మా ఇంట్లో మొదటిసారి వెలిగించినప్పుడు మంట లేదనుకుని అమ్మ చేయి పెట్టబోయింది. పగటి వెలుతురులో ఆ నీలం మంట కనిపించదు. కిటికీ మూసి చూస్తే వలయంలా సన్నగా మండుతోంది.

## రోజూ నడిపేటప్పుడు

పేడలో నీళ్లు ఎన్ని కలపాలి?

పచ్చి పేడ ఒక బకెట్‌కు నీళ్లు ఒక బకెట్. వేసవిలో ఎండకు కాస్త ఆరిన పేడైతే నీళ్లు పెంచాలి. కొలత కంటే చేతికి తెలియడం ముఖ్యం. కలిపాక కర్ర ముంచి ఎత్తితే దోసెల పిండిలా జారాలి. ఇడ్లీ పిండిలా కూర్చుంటే చిక్కన, మజ్జిగలా కారితే పల్చన. కలిపే తొట్టిలోనే వరిగడ్డి పోచలు, మేత తుంపులు, రాళ్లు ఏరేయండి. గడ్డి లోపలికి పోతే పైకి తేలి చాపలా గట్టిపడుతుంది, ఇసుక పోతే అడుగున పేరుకుంటుంది. ఐదు నిమిషాలు పట్టే ఈ పని మానేసినవాళ్లే నాలుగేళ్లకు ప్లాంటు తోడించుకుంటున్నారు.

పది రోజులు ఊరెళ్తే ప్లాంటు పాడవుతుందా?

పాడవదు, గ్యాస్ తగ్గుతుంది. వచ్చాక పది రోజుల పేడ ఒకేసారి వేయకండి. పులిసిపోయి లోపల ఆమ్లం పెరుగుతుంది, సూక్ష్మజీవులు తట్టుకోలేవు. మొదటి రోజు సగం, నాలుగో రోజుకు పూర్తి మోతాదు.

ఏమేం వేయకూడదు?

ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్, సబ్బు నీళ్లు, డెట్టాల్ చుక్క కూడా పడకూడదు. కొట్టం ఫినాయిల్‌తో కడిగిన రోజు ఆ నీళ్లు పక్కకు తిప్పండి. పశువుకు యాంటీబయాటిక్ ఇంజక్షన్లు నడుస్తున్నన్ని రోజులు, ఆపాక ఇంకో వారం, దాని పేడ ఎరువు దిబ్బకే వేయండి. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు కొద్దిగా వేయవచ్చు. నిమ్మ, బత్తాయి తొక్కలు, ఉల్లిపొట్టు వద్దు.

చలికాలంలో గ్యాస్ ఎందుకు తగ్గుతుంది?

లోపలి సూక్ష్మజీవులకు 30 నుంచి 35 డిగ్రీల వేడి ఇష్టం. 15 డిగ్రీలకు దిగితే పని బాగా మందగిస్తుంది. ఆదిలాబాద్, అరకు వైపు డిసెంబర్, జనవరిలో ఇది బాగా తెలుస్తుంది. నీళ్లను నల్ల డ్రమ్ములో మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచి, ఆ గోరువెచ్చని నీళ్లతోనే పేడ కలపండి. డోమ్ మీద అరచేయి మందాన వరిగడ్డి కప్పండి.

## పందుల షెడ్డు వాళ్లకు

పంది పెంటతో నిజంగా గ్యాస్ వస్తుందా?

వస్తుంది, కిలోకు పేడ కంటే ఎక్కువే వస్తుంది. పచ్చి పేడ కిలోకు 40 లీటర్లు ఇస్తే, పంది పెంట 60 లీటర్ల దాకా ఇస్తుంది. పశువు గడ్డిని నాలుగు అరల పొట్టలో అరిగించుకుని పేడ వేస్తుంది. దాణా తినే పంది అంతగా అరిగించదు, అందుకే పెంటలో సత్తువ మిగిలిపోతుంది. ఎదిగిన పంది రోజుకు సుమారు 2 కిలోలు వేస్తుంది. యాభై పందులుంటే 100 కిలోలు. పెంట మొత్తం పట్టుకోగలిగితే 5 నుంచి 6 క్యూబిక్ మీటర్ల గ్యాస్ వస్తుంది. పంది పిల్లలకు వేడి దీపాలు, దాణా ఉడికించడం, కూలీల వంట దానితో జరిగిపోతాయి.

షెడ్డు కడిగిన నీళ్లన్నీ ప్లాంటులోకి వదలొచ్చా?

వద్దు. పందుల షెడ్డు ప్లాంట్లు చెడిపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. పైపు పెట్టి కడిగితే పెంట కంటే నీళ్లు పదింతలు పోతాయి. లోపల సుమారు 40 రోజులు ఉండాల్సిన స్లర్రీ వారానికే బయటికి నెట్టుకొస్తుంది, గ్యాస్ తయారయ్యే వ్యవధే ఉండదు. ముందు పారతో పెంట గోకి తొట్టిలో వేయండి. తర్వాత మొదటి రెండు బకెట్ల కడుగు నీళ్లు మాత్రమే కలపండి. మిగతా నీళ్లకు వేరే కాలువ తీసి గడ్డి మడిలోకి పంపండి. బాబాయి షెడ్డులో మొదటి ఏడాది అంతా నీళ్లే. కాలువ వేరు చేశాక నెలకే మంట నిలకడగా వచ్చింది.

పేడ కూడా కలపాలా?

మొదటి నింపుకు తప్పకుండా పశువుల పేడే వేయండి. గ్యాస్ చేసే సూక్ష్మజీవులు పశువు పొట్టలోంచే వస్తాయి. అది నిలదొక్కుకున్నాక మూడు నాలుగు వారాల్లో నెమ్మదిగా పంది పెంట పెంచుకుంటూ పోండి. పంది పెంటలో నత్రజని ఎక్కువ, ఉత్త పెంటే వేస్తే లోపల అమ్మోనియా పెరిగి పని ఆగిపోవచ్చు. మూడో వంతు పేడ కలిపితే నికరంగా నడుస్తుంది.

కుళ్లిన గుడ్డు వాసన వస్తోంది. ప్రమాదమా?

అది హైడ్రోజన్ సల్ఫైడ్. పంది పెంట గ్యాస్‌లో ఎక్కువగా ఉంటుంది. పొయ్యి సరిగ్గా మండుతుంటే ఆ వాసన మంటలో కాలిపోతుంది. వంటింట్లో పొయ్యి కట్టేసి ఉన్నప్పుడు వాసన వస్తే అది లీకు, వెంటనే మెయిన్ వాల్వు మూసి తలుపులు తెరవండి, స్విచ్ వేయకండి. ఇంకో మాట గుర్తుంచుకోవాలి. ఈ వాయువు మోతాదు పెరిగితే ముక్కు పనిచేయదు, వాసన పోయిందంటే ప్రమాదం పోయినట్టు కాదు. పైపులో ఒకచోట పొడవాటి డబ్బా బిగించి, అందులో తుప్పు పట్టిన ఇనుప రజను నింపితే దీన్ని చాలావరకు పట్టేస్తుంది. రజను నల్లబడితే తీసి ఆరుబయట తడిపి ఆరబెడితే మళ్లీ కొన్నాళ్లు వాడవచ్చు. ఇంజన్ నడిపేవాళ్లకు ఈ డబ్బా తప్పనిసరి, లేకపోతే లోపలి భాగాలు తినేస్తుంది.

ఆ గ్యాస్‌తో వండితే అన్నానికి వాసన వస్తుందా? ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు.

రాదు. మండేది మీథేన్, అది పేడ నుంచి వచ్చినా పెంట నుంచి వచ్చినా ఒకటే. పెద్దవాళ్లతో వాదించకండి. మా నాయనమ్మ కూడా మొదట ఆ పొయ్యి ముట్టలేదు. పశువుల దాణా ఉడికించడానికి, స్నానాల నీళ్లకు మొదలుపెట్టాం. కట్టెల పొగకు కళ్లలో నీళ్లు కారడం ఆగాక ఒకరోజు తానే పాలు కాచింది.

## తేడా వచ్చినప్పుడు

మంట ఎగిరెగిరి పడుతోంది, ఆరిపోతోంది.

పైపులో నీళ్లు చేరాయి. గ్యాస్ వెంట తేమ వచ్చి పల్లంగా ఉన్నచోట చేరుతుంది. నీళ్లు వదిలే వాల్వు వారానికోసారి తిప్పండి. అది లేకపోతే, పైపులో అన్నిటికంటే పల్లంగా ఉన్నచోట పెట్టించండి.

గ్యాస్ రోజురోజుకూ తగ్గిపోతోంది.

ముందు పేడ కాటా వేసి చూడండి. చాలాసార్లు ఈనిన పశువును అమ్మేసి ఉంటారు, ప్లాంటు సంగతి మరిచిపోయి ఉంటారు. పేడ సరిపడా ఉంటే అతుకులకు సబ్బు నీళ్లు రాయండి. లీకు లేకపోతే ఇన్‌లెట్‌లోంచి పొడవాటి వెదురు పెట్టి కలియబెట్టండి, పైన చాప కట్టి ఉంటే పగులుతుంది. బయటికొచ్చే స్లర్రీ పుల్లటి వాసన వేస్తుంటే వారం రోజులు ప్లాంటులో పేడ వేయడం ఆపి, తర్వాత కొద్దికొద్దిగా మొదలుపెట్టండి.

ప్లాంటు లోపలికి దిగి శుభ్రం చేయొచ్చా?

దిగకండి. ఖాళీ చేశాక కూడా దిగకండి. అడుగున ప్రాణవాయువు ఉండదు, విషవాయువు ఉంటుంది, దిగిన మనిషి అరవకుండానే పడిపోతాడు. అతన్ని తీయబోయి రెండో మనిషి, మూడో మనిషి దిగుతారు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలన్నీ ఇలాంటివే. తోడించాలంటే అనుభవం ఉన్నవాళ్లను, బ్లోయర్‌తో గాలి కొట్టి, నడుముకు తాడు కట్టుకుని, పైన ఇద్దరిని నిలబెట్టి పనిచేసేవాళ్లను పిలవండి. మన ఇంటి పాలేరును దింపే హక్కు మనకు లేదు. పిల్లలు, దూడలు పడకుండా ఇన్‌లెట్‌కు, అవుట్‌లెట్‌కు బండలు మూసి ఉంచండి.

## స్లర్రీ సంగతి

గ్యాస్ తీసేశాక పేడలో సారం ఉంటుందా?

ఉంటుంది. గ్యాస్‌గా పోయేది కార్బన్, నత్రజని, భాస్వరం, పొటాష్ అక్కడే ఉంటాయి. దిబ్బలో ఆరుబయట వేసిన పేడ ఎండకు, వానకు నత్రజని పోగొట్టుకుంటుంది. ఇక్కడ అది పోదు, పైగా మొక్క త్వరగా అందుకునే రూపంలోకి మారుతుంది. కలుపు గింజలు చాలావరకు చస్తాయి, ఈగలు వాలవు. నన్నడిగితే ప్లాంటు లాభంలో గ్యాస్ కంటే స్లర్రీదే పెద్ద వాటా.

పొలానికి ఎలా వాడాలి?

నీళ్లు పారించేటప్పుడు కాలువలో సన్నగా వదలడం తేలిక పద్ధతి. పశుగ్రాసానికి ఇది బంగారం, మా సూపర్ నేపియర్ మడికి నాలుగేళ్లుగా యూరియా వేయలేదు. పొలం దూరమైతే రెండు గుంతలు తవ్వి, ఎండుటాకు, చెత్త పొరలు పొరలుగా వేసి మీద స్లర్రీ పోయండి. ఒకటి నిండాక రెండోది, అది నిండేసరికి మొదటిది బండికెత్తడానికి సిద్ధం.

పంది స్లర్రీ ఆకుకూరలకు వేయొచ్చా?

నేరుగా వద్దు. మన ప్లాంట్ల వేడికి ఏలికపాముల గుడ్లు అన్నీ చావవు. గుంతలో చెత్తతో కలిపి బాగా వేడెక్కి మాగిన తర్వాత పండ్ల తోటలకు, పశుగ్రాసానికి, వరికి దుక్కిలో వేయండి. పచ్చిగా తినే కూరలకు పేడ స్లర్రీ కంపోస్టే వాడండి.

స్లర్రీ అమ్ముకోవచ్చా?

గుజరాత్‌లో ఆనంద్ దగ్గర జకరియాపురా అనే ఊళ్లో ఇదే చేస్తున్నారు. ఇంటింటికీ చిన్న ప్లాంట్లు పెట్టించి, మహిళల సహకార సంఘం స్లర్రీ సేకరిస్తుంది. జాతీయ పాడి అభివృద్ధి బోర్డు దాని నుంచి ఎరువులు తయారుచేయించి సుధన్ పేరుతో అమ్ముతోంది. మన దగ్గర ఒంటరిగా అమ్మడం కష్టం, ఎందుకంటే పల్చటి స్లర్రీకి రవాణా ఖర్చే ఎక్కువ. వానపాముల ఎరువుగా మార్చి బస్తాల్లో నింపితే మిద్దె తోటలవాళ్లు, నర్సరీలవాళ్లు ఇంటికొచ్చి తీసుకెళ్తారు. మా ఊళ్లో ముగ్గురం కలిసి ఒకే షెడ్డులో బెడ్లు వేశాం, కిందటి ఎండాకాలంలో చివరి బస్తా కూడా మిగల్లేదు.